ఎనిమిది మూతుల పతంగి

నాచారం,
21 జూలై, సోమవారం.

తమ్ముడు మహిపాల్‌కు,

అక్క తారామణి దీవించి రాయునది అని మొదలుపెట్టాలి. దీవెనలు ఈసారికి పక్కన పెట్టాను. ముందు ఇది చివరిదాకా చదువు.

ఫోనులో అయితే నీకొక అలవాటుంది. నేను గొంతు పెంచగానే "అక్కా, గాలి మొదలైంది, మల్ల జేస్త" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా మధ్యలో కోసేయలేవు కదా. అందుకే షెడ్డులో అందరూ అన్నానికి కూర్చున్న ఈ అరగంటలో కుట్టుబల్ల మీద కాగితం పెట్టుకొని రాస్తున్నాను. పక్కన లారీ మీద కప్పే తాడిపత్రి సగం కుట్టి వదిలేశాను. ఇరవై రెండేళ్లలో పని సగంలో ఆపడం ఇదే మొదటిసారి. నా ఒళ్లు ఎంత మండిపోతున్నదో దాన్నిబట్టి అర్థం చేసుకో.

నిన్న బోనాలు. చిల్కానగర్‌లో ఇంటినిండా చుట్టాలు. గుడి నుంచి వచ్చి ఇంకా మంచినీళ్లయినా తాగలేదు, నా బిడ్డ దీప ఫోను పట్టుకొని ఉరికొచ్చింది. "అమ్మా, మామ వీడియో జూడు" అంది. ఎవరు తీశారో, ఎక్కడెక్కడ తిరిగిందో, మన కుటుంబం గ్రూపులోకి వచ్చి పడింది. ఇరవై సెకన్లు. సముద్రం ఒడ్డున పతంగి ఒకటి తడిసి కుప్పగా పడి ఉంది, ఇసుక అంటుకొని దాని రంగు కూడా తెలియడం లేదు. ఒక పెద్దమనిషి నీ మీద అరుస్తున్నాడు, "మా అమ్మాయి చచ్చిపోయేదయ్యా! దవాఖానాలో పడుంది!" అని. వాళ్ల యాసలో హాస్పిటల్ అన్నాడో ఏమన్నాడో, నాకు అలా వినపడింది. నువ్వు తల వంచుకొని "మా టైలర్ జేసిన పొరపాటు సార్" అన్నావు. వీడియో అయిపోయింది.

మా టైలర్! ఏం మాటరా అది? పదిహేను మంది చుట్టాల ముందు ఆ మాట విన్నాను. రాజ్యం పెద్దమ్మ ఉండబట్టలేక "టైలర్ అంటే గీ తారామణియే గదనే?" అని అడిగింది కూడా. అందరూ పప్పు బాగుందని పొగడటం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అసలు ఈ పతంగుల ముచ్చట ఎక్కడ మొదలైందో నువ్వు మర్చిపోయినట్టున్నావు. నేను చెబుతాను విను. ఫిబ్రవరిలో నువ్వు బాపట్ల నుంచి, శాంపిలుగా ఒక విదేశీ గుడ్డ పతంగి ఉన్న సంచి భుజాన వేసుకొని షెడ్డుకొచ్చావు. పలక మీద నిలబడి, పతంగి లాగుతుంటే సముద్రం మీద జారిపోయే ఆట నేర్పుతున్నానని, పతంగులు రెండు రకాలని, బల్ల మీద కూర్చొని కాళ్లూపుకుంటూ చెప్పావు.

"ఒకటి ట్యూబుది అక్కా. ముందర అంచుకు లావు ట్యూబు, నడుమ సన్న ట్యూబులు. పంపు కొట్టి గాలి నింపాలె. రెండోది ఉత్త గుడ్డది. రెండు పొరల నడుమ అరలుంటయి, ముందట ఎనిమిది మూతులుంటయి. గాలి దానంతటదే లోపటికి పోయి మెత్త లెక్క ఉబ్బుతది."

"నీళ్లల్ల పడితే?" అని అడిగాను. గుర్తుందా? ఆ ప్రశ్న అడిగింది నేను. తాడిపత్రులు కుట్టే ఆడదాన్ని.

"ట్యూబుది తేలుతది. దారం గుంజితే మల్ల లేస్తది. కొత్తోళ్లకు అందుకే అది ఇస్తరు."

"మరి అదే ఇయ్యి."

"దానికి ట్యూబులు బయటి దేశంకెళ్లి రావాలె, గుల్ల గుచ్చుకుంటే పంక్చరు. గుడ్డదైతే సంచిల పడ్తది, పంపు అక్కర్లే, మన దిక్కు పలచని గాలికి గూడ లేస్తది. ఇది గూడ నీళ్ల కోసం జేసిందే, తడిసినా మునగదన్నరు. ఇంకోటి అక్కా, ట్యూబుది నువ్వు కుట్టలేవు. ఇది కుట్టగలవు."

ఆ చివరి మాటతో పడగొట్టావు నన్ను. కుట్టగలనా లేదా అని నన్ను ఎవరైనా అడిగితే నేను ఆగనని నీకు తెలుసు. ఆదివారాలన్నీ నీ పతంగికే పెట్టాను. శాంపిలు కుట్లు చూసి కొలతలు రాసుకొని ముందు ఒకటి, ఆ తర్వాత ఆరు కుట్టాను. ఆ శాంపిలుకు దారాలూ పేలికలూ వేలాడుతుంటే దాన్ని కూడా శుభ్రం చేసి, అంచులు మడిచి కుట్టి ఇచ్చాను. అంత పేరున్న విదేశీ సరుకు అలా వేలాడుతుంటే నాకే సిగ్గేసింది. మన షెడ్డు పద్ధతి నీకు తెలుసు. ఎవరి సరుకైనా సరే, బల్ల మీదికొస్తే వేలాడే పేలికతో బల్ల దిగదు. సాంబయ్య ఉస్తాద్ నాకు నేర్పిన మొదటి మాటే అది. "వేలాడేదాన్ని గాలి పట్టుకుంటది బిడ్డా, పట్టుకొని తాడిపత్రి అంత చింపుతది. కుట్టినోళ్ల ఇజ్జత్ పోతది" అనేవాడు. నీకు ఊరికే చేసి పెట్టాను, చెప్పుకోనైనా లేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఎందుకంటే నీకు విశ్వాసం లేదు కనుక.

మొదటిది పూర్తయిన రోజు ఉప్పల్ భగాయత్ ఖాళీ ప్లాట్లలో పొద్దున్నే ఎగరేశాం. అది నన్ను చెప్పులతో సహా ముప్పై గజాలు ఈడ్చుకుపోయింది. చీర నిండా పల్లేరుకాయలు. నువ్వు గంతులేస్తూ "అక్కా, ఒరిజినల్ కన్న మస్తుగున్నది!" అని అరిచావు. ఆ రోజు నేను అక్కను. ఇప్పుడేమో టైలర్‌ని.

ఆ మొదటిదీ, శాంపిలూ నువ్వు పట్టుకెళ్లావు. ఇప్పుడు ఆ మొదటిదే పడిపోయినట్టుంది. నేల మీద అంత బాగా ఎగిరినది నీళ్ల మీద పడిందంటే తప్పు కుట్టినదాని దగ్గర ఉందా, నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు గుడ్డ పతంగి చేతికిచ్చినవాడి దగ్గర ఉందా? ట్యూబుది ఇవ్వమని నేను చెప్పలేదా?

ఇంకొక సంగతి. నాగోల్‌లో సురేష్ అని ఒకతను ఉన్నాడు, వారం వారం జనాన్ని చెరువుకు తీసుకెళ్లి పడవలూ అవీ ఆడిస్తాడు. మూడు నెలల నుంచి ఆ ఆరు పతంగుల కోసం తిరుగుతున్నాడు. ఆగస్టులో నువ్వు వచ్చి తీసుకుంటానన్నావని ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చేస్తున్నాను. ఒక్కోదాని మీద నా పేరు గుడ్డ ముక్క మీద కుట్టి మరీ ఇస్తాను. టైలర్‌కు పేరు ఉండదనుకున్నావేమో, చూద్దువు గాని.

ఇట్లు,
ఒకప్పుడు నీ అక్క,
తారామణి.


నాచారం,
25 జూలై, శుక్రవారం.

మహిపాల్‌కు,

నా ఉత్తరం నిన్న అందినట్టుంది. నిన్న మధ్యాహ్నం నుంచి పదిహేడు సార్లు ఫోను చేశావు. ఎత్తలేదు, ఎత్తను. దీప ఫోనుకు కూడా చేశావట. మామతో మాట్లాడితే కాళ్లు విరగ్గొడతానని దానికి చెప్పాను. చెప్పేదేదైనా ఉంటే నాలాగా కూర్చొని రాయి. నేను వేళ్లు నొప్పి పుట్టేలా రాస్తుంటే నువ్వు బొత్తాం నొక్కి పని కానిచ్చుకుందామనుకుంటున్నావా?

నువ్వు పంపిన అమ్మాయి నిన్న పదకొండు గంటలకు షెడ్డుకు వచ్చింది. మోచేతికి కట్టు, గొంతు బొంగురు, భుజాన సంచి. మిషన్ల మోతలో దాని మాట సగం వినపడలేదు.

"తారామణి గారంటే మీరేనా అండీ? మహిపాల్ సార్ ఇది మీకిమ్మన్నారు. మాది లాలాపేట్, దగ్గరే కదా అని నేనే తెస్తానన్నాను."

"ఆయన టైలర్‌ను నేను. ఏంది, ఇంకేమన్న కుట్టాల్నా?"

"కుట్టడానికి కాదనుకుంటానండీ. చూడమన్నారు."

"నేను జూసేది ఏం లేదు. ఆడ పెట్టి పో."

"ఒక్క మాట అడగొచ్చా ఆంటీ?"

"మిషిన్ నడుస్తున్నది, కనబడ్తలేదా?"

ఆ పిల్ల దగ్గింది, ఒక చీటీ మీద ఫోను నంబరు రాసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. పేరు చంద్రిక అని రాసి ఉంది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు నేను. అది నీ మీద కోపం, దాని మీద తీర్చుకున్నాను. అది కూడా నీ లెక్కలోనే వేసుకో.

సంచికి పిన్నుతో గుచ్చిన నీ చీటీ చదివాను. "అక్కా, మూతుల్లో చెయ్యి పెట్టి చూడు. ఎవరికీ చూపించకు." ఇదేనా నువ్వు నాకు రాసేది? నా పనిలో వంకలు పట్టి, ఆ వంకలు నా చేతనే వెతికించి, పైగా ఎవరికీ చూపించొద్దని హెచ్చరికా? నేనేమన్నా దొంగతనం చేశానా దాచుకోవడానికి? ఆ సంచి ఇప్పలేదు. బల్ల కింద కాలితో తోసేశాను.

మహిపాల్, నాకు మండిందంటే ఆ ఇరవై సెకన్లకే కాదు. ఎప్పటినుంచో ఉన్నది ఈ పుండు. నీ క్యాంపులో బోర్డు పెట్టావు కదా, ఏప్రిల్‌లో ఫొటో పంపావు. నీ పేరు, నీ పార్ట్‌నర్ పేరు, వంటామె పేరు, ఆఖరికి పడవ నడిపే అతని పేరు కూడా ఉంది. ఫొటోను పెద్దది చేసి చేసి చూశాను. నా పేరు లేదు. పతంగి మూలకు చిన్న పేరు ముక్క కుడతానంటే "అక్కా, లేబుల్ ఎందుకే, బరువు" అన్నావు. గోరంత గుడ్డ ముక్కకు ఎంత బరువుంటుందిరా? నీ స్కూలు చొక్కాలు అన్నీ నా చేతి కుట్టే. నీకు జ్వరమొస్తే సాంబయ్య ఉస్తాద్‌ను బతిమాలుకొని మిషన్ పక్కనే నిన్ను తాడిపత్రి మడత మీద పడుకోబెట్టుకొని పని చేశాను. అవన్నీ చెప్పి నిన్ను చిన్నబుచ్చాలని కాదు. నా పేరు చెప్పడానికి నీకు నామోషీ అని నాకు ఎప్పుడో తెలుసు, బయటపడింది మొన్న.

ఇంకో సంగతి విని సంతోషించు. సురేష్ ఇవాళ పొద్దున ఆరు పతంగులూ తీసుకెళ్లాడు. ఆదివారం చెరువు మీదికి మొదటిసారి పోతున్నారు, పదకొండు మంది, అందరూ కొత్తవాళ్లే. ట్యూబుది కొత్తవాళ్లకు మేలని నేనే అన్నాను కదా అంటావేమో. చెరువులో అలలుండవు, ఏమీ కాదు. ఆరింటి మీదా "తారామణి, నాచారం" అని ఎర్ర దారంతో కుట్టాను. సురేష్ చూసి "అక్కా, జబర్దస్త్ ఉన్నది" అన్నాడు. పరాయివాడికి ఉన్న పాటి మర్యాద సొంత తమ్ముడికి లేకపోయె.

ఇట్లు,
ఫోను ఎత్తని
తారామణి.


చిల్కానగర్,
28 జూలై, సోమవారం.

తమ్మీ మహిపాల్‌కు,

దీవెనలు. ఇవి మొదటి ఉత్తరంలో ఆపిపెట్టినవి కూడా కలిపి.

శనివారం మెట్రో మెట్లెక్కుతూ నేను ఫోను చేసినప్పుడు నువ్వు హలో కూడా అనలేదు. "అక్కా, ఆ ఆరు యాడున్నయి?" అన్నావు. "తెస్తున్న" అని పెట్టేశాను. మిగతాది ఫోనులో చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

శనివారం పొద్దున దీప నన్ను కదిపింది. సంచి గురించి గొణుగుతుంటే విని విని విసిగిపోయి, "అమ్మా, తప్పు లేనోళ్లకు సంచి ఇప్పనీకి భయమెందుకే?" అంది. నాకు ఎక్కడో కాలింది. దీప కళ్ల ముందే ఇప్పి నీ నోరు మూయిద్దామని, దాన్ని వెంటబెట్టుకొని షెడ్డుకు పోయి, బల్ల కింది నుంచి సంచి లాగి నేల మీద బోర్లించాను. ఉప్పు వాసన గుప్పుమంది. మడతలు విప్పి చూస్తే, అది నాది కాదు! నేను కుట్టినవన్నీ పసుపు, నీలం. ఇది ఎరుపు, తెలుపు. నువ్వు తెచ్చిన శాంపిలు. సముద్రంలో పడింది విదేశీ కంపెనీ పతంగి, నింద పడింది నా మీద! "జూసినవా! జూసినవా బిడ్డా!" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచాను. నీకు ఎలాంటి ఉత్తరం రాయాలో కూడా అప్పుడే మనసులో మాటలు పేర్చుకున్నాను. వాటిలో చాలా మటుకు ఇక్కడ రాయదగినవి కావు.

దీప మాత్రం మామ చీటీ పట్టుకొని, "మూతులల్ల చెయ్యి పెట్టుమన్నడు గదా, పెట్టు" అంది.

పెట్టాను. మొదటి మూతి లోపల, పై అంచున, నా వేలికి మడత కుట్టు తగిలింది. రెండు వరుసలు. చివర మూడుసార్లు వెనక్కి తిప్పి కొట్టిన ముడి. ఆ ముడి సాంబయ్య ఉస్తాద్ ముడి. ఈ నాచారంలో అది వేసేది ఆయనా నేనూ, ఆయన పోయి నాలుగేళ్లయింది. రెండో మూతిలోనూ అదే. ఎనిమిదింటిలోనూ అదే ముడి, నా దారం, నా చెయ్యి.

నేను పేలికలు కత్తిరించిన చోట్లు అవి, మహిపాల్. ఒక పక్క కుట్టి మూడు పక్కలు వదిలేసి ఉంటే, పని సగంలో వదిలేశారనుకున్నాను. ఎనిమిదీ కత్తిరించి, అంచు మడిచి, అందంగా కుట్టి, నీకు ఉపకారం చేశాననుకున్నాను. దీప ఫోనులో వెతికి చూపించింది. "అమ్మా, గవి పేలికలు గావంట. గాలి లోపటికి పోయినంక అవే మూసుకుంటయంట. అందుకే నీళ్లల్ల పడ్డా నీళ్లు లోపటికి రావంట" అని మెల్లగా చెప్పింది. కంటికి రెప్ప ఉన్నట్టు దాని మూతులకు రెప్పలు. నేల మీద రెప్ప లేకపోయినా ఎగురుతుంది, అందుకే ఉప్పల్‌లో మనకు తెలియలేదు. నీళ్ల మీద పడితే ఎనిమిది మూతులూ తెరుచుకొని నీళ్లు తాగుతాయి.

నేను కుట్టిన ఏడింటికి అసలు రెప్పలే లేవు. శాంపిలుకే ఉంచని దాన్ని, నకలుకు ఎలా పెడతాను? వాటిలో ఆరు నాగోల్‌లో ఉన్నాయి. ఎర్ర దారంతో నా పేరు కుట్టి మరీ పంపాను.

ఉప్పల్ స్టేషన్ నుంచి నాగోల్‌కు ఒకటే స్టేషను. ఆ రెండు నిమిషాలు నాకు రెండు గంటలయింది. సురేష్ వాళ్ల గోదాము ముందు బండికి సామాను ఎక్కిస్తున్నాడు.

"సురేష్, ఆ పతంగులు దించు. నీళ్ల మీదికి పనికి రావు."

"ఏందక్కా, నిన్ననే ఇస్తివి. రేపటికి పదకొండు మంది పేర్లు రాసుకున్నరు. గాలి పతంగికి గింత లొల్లా?"

వాడితో మాట్లాడి లాభం లేదని, బండిలోంచి ఒకటి లాగి, అక్కడే ఉన్న నీళ్ల డ్రమ్ములో మూతులు ముంచాను. గుటగుట తాగింది. అర నిమిషం పట్టి, "ఇప్పుడు లేపు" అన్నాను. సురేష్ నవ్వుతూ ఒక చెయ్యి వేశాడు. తర్వాత రెండు చేతులూ వేశాడు. తడిసిన బొంతలాగా డ్రమ్ము అంచుకు పట్టేసింది, కదల్లేదు. వాడి ముఖంలో నవ్వు పోయింది.

"దీని దారాలు ఒక ఆడపిల్ల నడుముకు కట్టి నడి చెరువుల వదిలిపెడితే ఏమైతది? జెప్పు!" అన్నాను. అరిచాను అనాలి. అరిచింది వాడి మీద కాదని వాడికి తెలియదు పాపం. ఆరూ తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

నిన్న ఆదివారం, చంద్రిక పెట్టి వెళ్లిన నంబరుకు ఫోను చేసి లాలాపేట్ వెళ్లాను. సముద్రంలో పడిన అమ్మాయి ఆమేనని శనివారం కూడా నాకు తట్టలేదు, చూడు నా తెలివి. తలుపు తీసినాయన్ను చూడగానే గుర్తుపట్టాను. వీడియోలో అరిచిన పెద్దమనిషి. సీతారామయ్య గారు, రైల్వేలో చేస్తారట, రాజమండ్రి వైపు వాళ్లు. చంద్రిక లోపలి నుంచి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"ఎవరమ్మా మీరు?" అని అడిగారాయన.

"మహిపాల్ టైలర్‌ను సార్. వాని సొంత అక్కను. తప్పు నాది."

ఆయన కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. రెప్పలు, కత్తెర, మడత కుట్టు, అన్నీ. ఆయన వింటూ వింటూ ఎర్రబడిపోయారు.

"తెలియని వస్తువు మీద కత్తెర ఎలా వేస్తారమ్మా? ఎవర్నైనా ఒక్క మాట అడగొచ్చుగా!"

"అడగలె సార్. నాకు అన్ని తెలుసనుకున్న."

"మా అమ్మాయి కాలికి దారాలు చుట్టుకున్నాయి. ఆ కుర్రాడు దూకి కోసి తీయకపోతే ఇవాళ మీరొచ్చేది దేనికో తెలుసా?"

తెలుసునని తల ఊపాను.

అప్పుడు ఆయన చెప్పారు, ఆ వీడియో తర్వాత ఏం జరిగిందో. "ఎవడయ్యా ఆ టైలరు, పేరు చెప్పు, లోపల వేయిస్తానన్నాను. ఐదుసార్లు అడిగాను. 'కుట్టినోళ్లకు తెల్వది సార్, నీళ్లల్లకు దింపే ముందు చెయ్యి పెట్టి చూసుకోవాల్సింది నేను, రాస్తే నా పేరే రాయండి' అన్నాడు. రాశాను కూడా. రేపు పోలీసులకు ఇద్దామని అదిగో, టేబుల్ మీద పెట్టాను." చూశాను. ఆ కాగితంలో నీ పేరు ఒక్కటే ఉంది.

బోర్డు మీద నా పేరు లేదని కుళ్లాను. ఆ కాగితం మీద కూడా లేదు. అది చూసి అక్కడే, వాళ్ల గుమ్మంలో, ఏడ్చాను. ఏడుస్తూనే పెన్ను అడిగి, నీ పేరు కింద "రెప్పలు కత్తిరించినది నేను, తారామణి, వయసు నలభై నాలుగు, చిల్కానగర్" అని రాసి సంతకం పెట్టాను.

సీతారామయ్య గారు కాగితం తీసుకొని నా సంతకం దాకా చదివారు. "దీన్ని ఇవ్వాలో వద్దో పడినదాన్ని అడుగుతాను" అని కూతురి వైపు తిరిగారు.

చంద్రిక బొంగురు గొంతుతో అంది: "ఇవ్వొద్దు నాన్నా. కానీ నేను మళ్లీ నేర్చుకుంటాను, ట్యూబుదాని మీద. నాలాంటి కొత్తవాళ్లెవరికీ గుడ్డది ఇవ్వకూడదు, రెప్పలున్నా సరే. ఇంకోటి ఆంటీ, ఆ ఎరుపుది మీరు బాగుచేశాక, నీళ్ల మీద ముందు మీరు ఎక్కాలి."

"నాకు ఈత రాదు బిడ్డా."

"నాకూ అంతంత మాత్రమేనండి."

ఆ పిల్ల నవ్వలేదు. మంచినీళ్లు మాత్రం తెచ్చి ఇచ్చింది. గురువారం నేను ఇవ్వని నీళ్లు.

ఇక నీ సంగతి. నా మీద ఈగ వాలనీయలేదు, సరే. కానీ నీ మీద నా కోపం ఇంకా పోలేదు, మహిపాల్, పోదు కూడా. "చెయ్యి పెట్టి చూడు" అని రాసినవాడివి ఇంకొక్క ముక్క రాయలేకపోయావా? "అక్కా, రెప్పలు కోసినవ్, మనిషి మునిగింది" అని? అక్క బాధపడుతుందని అంత నాజూకుగా రాస్తే, అక్క ఆరు పతంగులు పదకొండు మంది చేతిలో పెట్టింది. నా తప్పును నాకు తెలియకుండా దాయడానికి నువ్వెవడివి? నేను ఫోను ఎత్తలేదు, అది నా మొండితనం, ఒప్పుకుంటాను. నువ్వు చీటీ సరిగా రాయలేదు, అది నీది. ఇకమీదట నేను తప్పు చేస్తే ముఖం మీద చెప్పు. తిట్టు. తట్టుకుంటాను. తట్టుకోకపోతే తిరిగి తిడతాను, నాకేం కొత్త?

ఆరు పతంగుల మీదా నా పేరు అలాగే ఉంచాను. దాని పైన ఎర్ర గుడ్డ వేసి "నేల మీదికే. నీళ్ల మీదికి వద్దు" అని పెద్ద అక్షరాలతో కుట్టాను. నీ దగ్గరున్న ఏడోది నీళ్ల దగ్గరికి కూడా తీసుకుపోకు, నేనొచ్చి దానికి కూడా కుడతాను. కొత్తవాళ్లకు ట్యూబు పతంగులు తెప్పించు. ఈసారి నన్ను ఎంత పొగిడినా నేను పడను.

శాంపిలు ఇవాళ పొద్దున్నే కూర్చొని బాగుచేశాను. పాత కుట్టు విప్పి, పలచని గుడ్డతో ఎనిమిది రెప్పలు కోసి, ఒక్కొక్కటి ఒక పక్కే కుట్టాను. మిగతా మూడు పక్కల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి దానంతటదే సూది కిందికి జరిపింది. ప్రతిసారీ ఆపుకున్నాను. బల్ల ముందు నుంచి లేచి నిలబడి చూస్తే ఎనిమిదీ వేలాడుతున్నాయి. సాంబయ్య ఉస్తాద్ చూస్తే కత్తెర విసిరికొట్టేవాడు. అలాగే వదిలేసి, మడిచి సంచిలో పెట్టాను.

శనివారం బండికి వస్తున్నాను. నడుముకు కట్టే తేలే జాకెట్టు నా కొలతకు ఒకటి చూసి పెట్టు, నీ పార్ట్‌నర్ కొలతది ఇచ్చి నవ్వులపాలు చేయకు. నీళ్లలోకి దింపే ముందు ఎనిమిది మూతుల్లోనూ నువ్వు చెయ్యి పెట్టి చూడు, నేను చూశానన్నా నమ్మకు.

ఇట్లు,
నీ టైలర్,
తారామణి.